తడిపి చూసిన గుడ్డ

నా చిన్నప్పుడు ఒక ఎండాకాలం మా తాతయ్య నన్ను పెరట్లో కూర్చోబెట్టి నెత్తిమీద డబ్బాలకొద్దీ నీళ్ళు పోశారు. స్నానానికి కాదు. ఆ రోజు నుంచీ మా ఇంట్లో ఏ వస్తువు కొన్నా, ఏ సంబంధం మాట్లాడినా ముందు పుట్టే ప్రశ్న ఒకటే: తడిపి చూశారా? మావయ్య కొత్త రేడియో తెచ్చినప్పుడు కూడా అమ్మమ్మ ఆ మాటే అంది, ఆయన రేడియోని గుండెలకి హత్తుకుని లోపలికి పారిపోయాడు. మా పిన్నికి సంబంధం వచ్చినప్పుడూ అదే మాట. పాపం పెళ్ళికొడుక్కి ఇదేమీ తెలియదు. పిల్లని చూడటానికి వస్తూ దారిలో వానకి దొరికిపోయి, నీళ్ళోడుతూ మా అరుగు ముందు రిక్షా దిగి, తను ఎక్కకుండా ముందు వాళ్ళమ్మని చెయ్యి పట్టుకుని పైకెక్కించాడు. అమ్మమ్మ కిటికీలోంచి అది చూసి ఇంకేం అడగక్కర్లేదని అక్కడికక్కడే తేల్చేసింది. ఆ పిన్నీ బాబాయీ ఇప్పటికీ చక్కగా ఉన్నారు.

ఇదంతా ఇప్పుడు గుర్తు రావడానికి కారణం మా మనవరాలు. తాడేపల్లిగూడెంలో ఇంజనీరింగ్ చదువుతోంది. సెలవొస్తే రైలెక్కి ఏలూరు వచ్చి నా దగ్గర వాలిపోతుంది. మొన్న వచ్చినప్పుడు సంచిలోంచి పుస్తకాలకి బదులు గుడ్డముక్కలు తీసి మంచమంతా పరిచింది. ఆ పిల్లా, దాని స్నేహితురాళ్ళూ కలిసి కొండలెక్కడానికి వెళ్తారట. తిండీ బట్టా అంతా వీపు మీదే. ఎక్కడ పొద్దుగూకితే అక్కడ రెండు కర్రలు నిలబెట్టి, పైన చిన్న బరకం కట్టుకుని దానికింద పడుకుంటారట. ఆ బరకం ఏ గుడ్డతో కుట్టించుకోవాలన్నది ఇప్పుడు పెద్ద చర్చ. ఒకటి నైలాను, దానికి సిలికాను పూత. ఒకటి పాలియెస్టరు, దానికీ అదే పూత. మరొకటి నలిపితే కాగితంలా చప్పుడు చేస్తుంది, దాని ధర అడిగితే చెప్పకుండా నవ్వేసింది. నా వంటింటి కాటా తెచ్చుకుని ఒక్కో ముక్కా తూచి, ఫోనులో ఏవో లెక్కలు కడుతోంది. మోసేది తనే కాబట్టి ప్రతి గ్రామూ తనకి ముఖ్యమేనట. ఆ మాట నిజమే. అయినా చూసి చూసి ఉండబట్టలేక నేను లేచెళ్ళి, చెంబుడు నీళ్ళు తెచ్చి ఆ ముక్కలన్నిటి మీదా గుమ్మరించాను. పిల్ల కెవ్వుమంది. నా పరుపు తడిసింది, అది వేరే సంగతి.

తర్వాత దాన్ని కూర్చోబెట్టి చెప్పాను ఇదంతా.

మా తాతయ్యంటే మా అమ్మ వాళ్ళ నాన్న. మేం ముస్లిములం, మా ఇళ్ళల్లో ఆయన్ని నానా అని పిలవాలి. నేను బళ్ళో పిల్లల్ని చూసి తాతయ్య అనేదాన్ని, ఆయనకీ అదే ముద్దుగా ఉండేది. మా అమ్మ ఆయన్ని అబ్బా అనేది, అంటే నాన్నా అని. మా క్లాసు పిల్ల ఒకసారి మా ఇంటికి వచ్చి, మీ అమ్మ ఊరికే అబ్బా అబ్బా అంటోంది, ఎక్కడ నొప్పే అని అడిగింది. ఏలూరులో కాలవకి దగ్గరగా మా పెంకుటిల్లు. వీధి వైపు గదిలో తాతయ్య మిషను. లారీల వాళ్ళకీ రైసుమిల్లుల వాళ్ళకీ బరకాలు కుట్టేవారు. వానాకాలం వస్తే గొడుగులు బాగుచేసేవారు. ఆయన కుట్టిన బరకం కింద ధాన్యం తడిసిందని ఎవరూ ఎప్పుడూ గుమ్మంలోకి రాలేదు, ఆ గర్వం మాత్రం ఆయనకి బోలెడుండేది.

మా నాన్న లారీ డ్రైవరు. ఆకివీడు నుంచి ఐసు పెట్టెల్లో చేపలు వేసుకుని కలకత్తా వెళ్ళేవారు. తిరిగి ఆకివీడు వచ్చాక ఒక పూటో రెండు పూటలో నిద్రపోయేలోపు మళ్ళీ లోడు సిద్ధం. ఆ మధ్యలో ఏలూరు దాకా రావడానికి ఎప్పుడో గాని కుదిరేది కాదు. వస్తే ముందు చేపల వాసన వచ్చేది, తర్వాత నాన్న వచ్చేవారు. ఆకివీడులో ఆయన ఉండేది ఒక రేకుల గది. మేమూ అక్కడికి వెళ్ళిపోతే లారీ వచ్చినప్పుడల్లా నాన్న మాతోనే ఉంటారు, ఆ సంగతి చిన్నపిల్లనైన నాకే తెలుసు. కానీ ఆ గది కారుతుంది. వానొస్తే పడుకోవడానికి పొడి చోటు ఉండదని నాన్నే చెప్పేవారు. చంటిపిల్లాడితో వానాకాలం ఎలా ఉంటావమ్మా అని అమ్మమ్మ ఆపేది. అమ్మ సరే, ఈ వానలు వెళ్ళాక చూద్దాం అనేది. వానలు వెళ్ళేవి, చలి వచ్చేది, మళ్ళీ ఏదో అడ్డు వచ్చేది, ఈలోపు మళ్ళీ వానలు వచ్చేసేవి.

మా తమ్ముడికి అప్పుడే మాటలు వస్తున్నాయి. ఒకసారి నాన్న వచ్చి చేతులు చాస్తే వాడు అమ్మ చీరకుచ్చిళ్ళలో దూరి, లారీ మావయ్యొచ్చాడు అన్నాడు. అందరూ నవ్వారు. నాన్న కూడా నవ్వారు. అమ్మ మాత్రం పొయ్యి మీద ఏదో ఉన్నట్టు వంటింట్లోకి వెళ్ళిపోయింది. నేను వెనకాలే వెళ్ళి చూశాను, పొయ్యి వెలిగించే లేదు. 

అదుగో, అలాంటి రోజుల్లో వచ్చారు బాతులవాళ్ళు. భార్యాభర్తలిద్దరూ చిన్నవాళ్ళే. ఎండాకాలం వరి, దాళ్వా కోతలు అయ్యాక బాతులమందని కోసిన చేలల్లో మేపుకుంటూ తాడేపల్లిగూడెం వైపు నుంచి దిగి, మెల్లగా కొల్లేరు దాకా వెళ్తారు. ఏ చేలో పొద్దుగూకితే ఆ చేలోనే బాతులకి వల కట్టి, పక్కన తమకో బరకం కట్టుకుంటారు. సామానంతా కావడి మీదే. బాతుల్ని ఊరి బయట తెలిసిన రైతు చేలో వలలో పెట్టి, ఆయన కావడితోనూ, ఆవిడ చంకలో పసిదానితోనూ మా గుమ్మంలో నిలబడ్డారు. కావడికి ఒకవైపు మడతపెట్టిన కాన్వాసు బరకం. దాన్ని దింపితే మా అరుగు మీద దబ్బున చప్పుడైంది.

ఆయన గొడవంతా ఆ కాన్వాసుతోనే. గట్టిదే, చుక్క కారదు, కానీ మొయ్యలేకపోతున్నాడు. ఇంతకుముందు సామాను ఇద్దరూ చెరిసగం మోసేవారు. ఇప్పుడు ఆవిడ చంకలో పిల్ల ఉంది. ఆవిడ సగం కూడా ఆయన భుజం మీదకే వచ్చింది. ఒకసారి వాన పడిందంటే ఆ కాన్వాసు నీళ్ళు తాగి రెండింతలవుతుంది, ఆరేదాకా బాతులు ఆగవు కదా. అందుకని ఈసారి ఆవిణ్ణీ పిల్లనీ కొల్లేటికోటలో అత్తారింట్లో దింపేసి ఒక్కడినే పోదామనుకుంటున్నానండి అన్నాడు. పోయినసారి పురిటికి అలాగే దింపి వెళ్ళాడట. ఆ మాటకి ఆవిడ అప్పటిదాకా దించుకున్న తల ఎత్తింది.

“పురిటినుంచి ఈయన మొహం చూళ్ళేదండి ఈ పిల్ల. ఎత్తుకుంటే ఎవరో అనుకుని ఏడుస్తాది. తేలికైన గుడ్డ ఏదన్నా కుట్టండి బాబుగారూ, నేనూ వెళ్తాను.”

ఆ మాట నా చెవుల్లో పడ్డాక నేనింక ఊరుకుంటానా. వాళ్ళిద్దరూ కలిసి వెళ్తారా లేదా అన్నది ఆ రోజుకి నా సొంత సంగతి అయిపోయింది. పరుగున లోపలికి వెళ్ళి నా ట్రంకుపెట్టెలోంచి నారింజ రంగు పారాచూట్ గుడ్డ పట్టుకొచ్చాను. అది నాన్న కలకత్తా నుంచి తెచ్చింది, బడి తెరిచేలోపు తాతయ్య నాకు దాంతో వానకోటు కుట్టాలి. మొత్తం గుడ్డంతా కలిపి నా గుప్పిట్లో పట్టేది. దీంతో కుట్టండి తాతయ్యా, ఏమీ బరువుండదు అన్నాను. బాతులాయన దాన్ని అరచేతిలో పెట్టుకుని మురిసిపోయాడు. ఆవిడ మొహం వెలిగింది. తాతయ్య మాత్రం గుడ్డని వెలుగుకి పట్టుకుని చూసి, ఒకటే మాట అడిగారు: తడిపి చూశావా?

చూళ్ళేదన్నాను. అయితే పద, నీ గుడ్డకింద నువ్వే కూర్చుందువుగాని అన్నారు.

పెరట్లో జామచెట్టుకీ బోరింగు పంపుకీ మధ్య తాడు కట్టారు. ముందు మిషను గదికి దగ్గరగా, గోడ పక్కన కట్టి, మళ్ళీ ఏమనుకున్నారో విప్పేసి సరిగ్గా వంటింటి కిటికీ ఎదురుగా కట్టారు. ఇటైతే నీడుంటుందన్నారు. నీడ నిజానికి అటే ఉంది. వంటింట్లో అమ్మ తమ్ముడికి చద్దన్నం పెడుతోంది. గుడ్డకి కన్నాలు పెడితే అక్కడి నుంచే చిరుగుతుందని, మూలల్లో గులకరాళ్ళు పెట్టి, గుడ్డతోపాటు మెడ బిగించినట్టు తాడు చుట్టి, ఆ తాళ్ళని వెదురు మేకులకి కట్టారు. చిన్న గుడారం తయారైంది. నన్ను కింద కూర్చోబెట్టి ఒళ్ళో కొత్త అగ్గిపెట్టె పెట్టారు. మొక్కలకి నీళ్ళు పోసే చిల్లుల మూతి డబ్బా తీసుకుని, అమ్మమ్మ అన్నం వార్చేదాకా పోస్తాను, అప్పుడు పుల్ల గీసి చూడు, వెలిగితే నీ గుడ్డే గెలిచినట్టు అన్నారు. అమ్మమ్మ లోపలి నుంచి, ముసలితనానికి ఇదో ఆట, పిల్లకి జలుబు చేస్తే నేను చూడను అని గొణుగుతూనే ఉంది.

మొదట్లో ఏమీ కాలేదు. నారింజ వెలుతురులో కూర్చుని నేను రాణీగారిలా కిటికీ వైపు చూసి నవ్వాను. కాసేపటికి గుడ్డలోంచి మంచులాంటిది మొహం మీద పడటం మొదలైంది. ఆ తర్వాత గుడ్డ సాగింది. బిగించి కట్టింది కాస్తా వదులై, మధ్యలో నీళ్ళు నిలిచి, బానపొట్టలా కిందికి దిగి నా నెత్తిని తాకింది. తాకిన చోటల్లా కారింది. అగ్గిపెట్టెని పరికిణీలో దాచుకున్నా లాభం లేకపోయింది. గీసిన పుల్లల తలలు మెత్తగా ఊడిపోయాయి. నాకు ఏడుపొచ్చింది. నాన్న తెచ్చిన గుడ్డ ఓడిపోయిందంటే నాన్నే ఓడిపోయినట్టు అనిపించింది. తాతయ్య డబ్బా కింద పెట్టి, వంగి లోపలికి చూసి, గుడ్డ మంచిదేనమ్మా, దీని పని వేరు అన్నారు. అంతే అన్నారు గాని నా తల తుడిచింది మాత్రం తన భుజం మీది తువ్వాలుతో.

తర్వాత అన్నీ కట్టారు ఒక్కొక్కటిగా. ప్లాస్టిక్ షీటు కట్టారు. పైనుంచి చుక్క రాలేదు గాని, లోపల నాకు ఊపిరాడక, చెమటకీ ఆవిరికీ అగ్గిపెట్టె మళ్ళీ మెత్తబడింది. యూరియా గోతాలు విప్పి కుట్టిన బరకం తెచ్చేసరికి బాతులాయన చేతులు జోడించేశాడు. అది తేలికే, నీళ్ళూ తాగదు, కానీ గాలికి పటపటమంటుందట. పెళ్ళైన కొత్తలో దాన్నే కట్టుకున్నారట. అర్ధరాత్రి గాలి లేచి అది కొట్టుకుంటుంటే, ఏ నక్కో వచ్చిందనుకుని బాతులన్నీ వల తోసుకుని పోయి ఎవరిదో చేపల చెరువులో దిగాయట. చెరువాయన కర్ర పట్టుకుని గట్టు మీద, ఈయన పీకలోతు నీళ్ళలో, బాతులు మధ్యలో. తెల్లారేదాకా అదే పనట. అది చెబుతుంటే ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. బరకమంటే మనుషులకే కాదు, పక్కన పడుకునే బాతులకీ నచ్చాలని నాకు అప్పుడే తెలిసింది.

ఆఖరికి వాళ్ళ పాత కాన్వాసు కూడా కట్టి తడిపారు. దానికింద అగ్గిపుల్ల భేషుగ్గా వెలిగింది. తర్వాత తాతయ్య దాన్ని విప్పి, మడిచి, నా రెండు చేతుల్లో పెట్టి, కాలవగట్టు దాకా మోసుకెళ్ళి రమ్మన్నారు. నేను గుమ్మం కూడా దాటలేకపోయాను. పారాచూట్ గుడ్డని కూడా తడిదే పట్టుకు చూడమన్నారు. పొద్దున గుప్పిట్లో పట్టింది ఇప్పుడు నీళ్ళోడుతూ చేతిని కిందికి లాగుతోంది. మనం వస్తువుని ఎప్పుడూ కొట్టులో పొడిగా ఉన్నప్పుడే చేత్తో ఎత్తి చూస్తామని, అది మనకి నిజంగా అవసరం పడేది తడిసిన రోజున అని తాతయ్య బాతులాయనతో మామూలుగా అన్నారు. ఆయన తలూపాడు. నేనూ ఊపాను, అర్థమయ్యీ కాకుండానే.

ఇక ఏ గుడ్డా మిగల్లేదనుకుని ఆవిడ పిల్లని భుజాన వేసుకుని లేచింది. కళ్ళనీళ్ళు పెట్టుకోలేదు, కానీ కొల్లేటికోటకి పడవ ఎన్నింటికి దొరుకుతుందో భర్తని అడిగింది. నేను తాతయ్య వైపు చూశాను. అప్పుడు తాతయ్య మిషను గదిలోకి వెళ్ళి, అటక మీంచి నల్లటి గొడుగు గుడ్డ తాను దింపారు. వచ్చే వానాకాలం గొడుగులకని తెచ్చి దాచుకున్న తాను అది. ఒత్తుగా నేసిన గుడ్డ. నీళ్ళు తాగదు, చప్పుడు చెయ్యదు, చేతికి బరువు తెలియదు. మొదటే అది ఎందుకు తియ్యలేదని మీరు అడగచ్చు. నేనూ అడిగాను చాలా ఏళ్ళ తర్వాత, సమాధానం మాత్రం ఆ సాయంత్రమే నా కళ్ళముందు జరిగింది, చెప్తాను.

ఆ గుడ్డ పరిచి కొలుస్తుంటే బాతులాయన వెడల్పు తగ్గించమన్నాడు. ఇద్దరికీ పిల్లకీ సరిపోతే చాలండి, ఎక్కువైతే మళ్ళీ బరువే కదా అన్నాడు. తాతయ్య ఒప్పుకోలేదు. వానలో మీ బరకం కనబడితే ఎవరో ఒకరు తడుస్తూ వస్తారండీ, వాళ్ళని బయట నిలబెట్టలేం కదా అని, ఆయన అడిగినదాని కంటే మూరెడు వెడల్పుగానే కత్తిరించారు. నడుమ ఒక్కటే కుట్టు వచ్చేలా కుట్టి, ఆ కుట్టు పొడుగునా మైనం రాచి, వేలితో అదిమి అదిమి ఎక్కించారు. మైనం రాసే పని నాక్కూడా ఇచ్చారు. ఇప్పటికీ మైనం వాసన తగిలితే నాకు ఆ మధ్యాహ్నమే గుర్తొస్తుంది.

కట్టడం అయ్యేసరికి ఎండ తగ్గింది. నేను అలవాటుగా కింద దూరబోతే బాతులావిడ ఆపింది. నేను కూర్చుంటానండి, రేపు పడుకోవాల్సింది మేమే కదా అని, పసిదాన్ని ఒళ్ళో వేసుకుని ఆవిడే కూర్చుంది. బాతులాయన కూడా తల వంచుకుని లోపలికి దూరాడు. తాతయ్య నీళ్ళు పొయ్యడం మొదలుపెట్టారు. గుడ్డ మీద నీళ్ళు ముత్యాల్లా దొర్లి అంచుల వెంట జారిపోతున్నాయి. గుడ్డ సాగలేదు. లోపల పిల్ల వాళ్ళ నాన్న వేలు పట్టుకుని చూసింది, ఏడవడానికి మూతి విరిచింది, ఎందుకో మానేసింది. ఆ చిన్నచోట ఇంకెక్కడికీ జరగడానికి లేదు మరి, ఆయన మొహం తప్ప దానికి చూడటానికి వేరే ఏమీ లేదు. కాసేపటికి ఆ వేలు పట్టుకునే నిద్రపోయింది. తాతయ్య పుల్ల గీయమంటే ఆయన పిల్ల లేస్తుందని తల అడ్డంగా ఊపాడు.

అప్పుడు వంటింటి తలుపు చప్పుడైంది. అమ్మ వచ్చింది. తమ్ముడికి సందె అన్నం పెడుతూనే లేచొచ్చినట్టుంది, చేతికి ఇంకా మెతుకులున్నాయి, చంకలో వాడున్నాడు. నీళ్ళు పడుతున్నా తప్పుకోకుండా నేరుగా నడిచొచ్చి, వంగి, బరకం కింద బాతులావిడ పక్కన కూర్చుంది. తాతయ్య మూరెడు వెడల్పు ఎక్కువ పెట్టారు కదా, సరిగ్గా సరిపోయింది. తమ్ముడు గుడ్డ మీద నీళ్ళ చప్పుడు వింటూ నోరు తెరుచుకుని పైకి చూస్తున్నాడు. అమ్మ నిద్రపోతున్న ఆ పసిదాన్నీ, అది పట్టుకున్న వేలునీ చూస్తూ చాలాసేపు ఉండిపోయింది. తర్వాత అక్కడి నుంచే అడిగింది.

“అబ్బా, ఆకివీడు గది రేకుల మీదకి ఎంత బరకం పడుతుంది?”

తాతయ్య చేతిలో డబ్బా ఆగింది. అమ్మమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. వానలు వెళ్ళాక చూద్దాం అన్న మాట ఎవరి నోటా రాలేదు.

“కొలత నా దగ్గరుందమ్మా. ఈ కాన్వాసు సరిపోద్ది. దీన్ని అక్కడ ఎవరూ మొయ్యక్కర్లేదు.”

పోయిన నెల మిల్లు పని మీద ఆకివీడు వెళ్ళినప్పుడే అల్లుడి గది రేకులు కొలుచుకుని వచ్చారట. ఆ కొలతని మనసులో పెట్టుకుని, నోరు మెదపకుండా, కూతురు తనంతట తను అడిగేదాకా ఆగారు. పుట్టింటివాళ్ళే పంపించేశారని అమ్మకి ఎప్పటికీ అనిపించకూడదని ఆయన బాధ. గొడుగు గుడ్డ మొదటే ఎందుకు తియ్యలేదో, తాడు విప్పి కిటికీ ఎదురుగా ఎందుకు కట్టారో, ఆ నీళ్ళన్నీ ఎవరు చూడాలని పోశారో మీకిప్పుడు తెలిసే ఉంటుంది. నాకు తెలియడానికి నేనూ ఒక పిల్ల తల్లినయ్యేదాకా పట్టింది.

గొడుగు గుడ్డకి బదులుగా వాళ్ళ కాన్వాసు మా ఇంట్లో ఉండిపోయింది. నా నారింజ గుడ్డలో సగంతో తాతయ్య ఒక సంచి కుట్టి, నల్ల బరకాన్ని మడిచి అందులో పెట్టి ఇచ్చారు. కావడికి ఒక మూల అది వేలాడుతుంటే ఆ ముగ్గురూ కాలవగట్టు వెంట వెళ్ళడం నేను అరుగు మీంచి చూశాను. దూరానికి మనుషులు కనబడకపోయినా ఆ నారింజ రంగు కనబడింది. నాన్న గుడ్డకీ ఒక పని దొరికిందని నా గుండె నిండిపోయింది. మరుసటేడు వాళ్ళు ఒక బుట్టెడు బాతుగుడ్లు తెచ్చిచ్చారని అమ్మమ్మ చెప్పింది. అప్పటికి మేము ఏలూరులో లేము.

మృగశిర చినుకులు పడేనాటికి మేం ఆకివీడులో ఉన్నాం. ఆ రేకుల గది గురించి గొప్పగా చెప్పడానికేం లేదు. చేపల వాసన, ఐసు మిల్లు మోత, లారీల హారన్లు. కాన్వాసు వేశాక కూడా ఒక మూల కారేది, అక్కడ అమ్మ బిందె పెట్టేది. కానీ లారీ వచ్చినప్పుడల్లా నాన్న ఆ గదిలోనే నిద్రపోయేవారు, ఆయన పొట్ట మీద తమ్ముడు నిద్రపోయేవాడు. లారీ మావయ్య అన్న పిలుపు వాడి నోట్లోంచి ఎప్పుడు పోయిందో మాలో ఎవరికీ గుర్తు లేదు. అంత త్వరగా పోయింది.

ఇదంతా విని మా మనవరాలు లేచి, నేను తడిపిన ముక్కల్ని మళ్ళీ కాటా మీద పెట్టింది. నైలాను తడిస్తే బరువెక్కింది, లాగితే కొంచెం సాగింది. పాలియెస్టరు విదిలించగానే ఇంచుమించు మామూలుగా అయిపోయింది. పొడిగా ఉన్నప్పుడు అదే కాస్త బరువు, తడిశాక అదే తేలిక. అమ్మమ్మా, నీళ్ళు పొయ్యకుండా మామూలుగా చెప్పినా వినేదాన్ని కదా అంది. విననని దానికీ తెలుసు, నాకూ తెలుసు. పాలియెస్టరే ఖాయం చేసుకుంది, కుట్టుకి మైనం బదులు ఏదో జిగురు ట్యూబు ఉందట, మంచిదే. కొలతలు రాసుకుంటూ, ఒక్కదానికే సరిపోయేలా కుట్టించుకుంటే ఇంకా తేలికవుతుంది అంది.

నేను దాని చేతిలో పెన్ను తీసుకుని వెడల్పు దగ్గర అంకె కొట్టేసి మూరెడు పెంచాను. అది కాటా వైపు చూసింది, నా వైపు చూసింది. పిచ్చిదానా, అంత బరువు మోయచ్చులే అన్నాను. మా అమ్మ మెతుకుల చేత్తో, తమ్ముణ్ణి ఎత్తుకుని, తల వంచి లోపలికి వచ్చి కూర్చున్న చోటు అదే.